నేల విడవని సాము: ఆత్మరక్షణ కోసం 24 వారాల మిశ్రమ సాధన, ప్రాజెక్టు డైరీ

ఆరు నెలలు సాము చేసి మూలనున్న ముసలమ్మను పొడిచాడని సామెత. ఈ ప్రాజెక్టు గడువూ ఇంచుమించు ఆరు నెలలే. ఆ పరువు తక్కువ రాకూడదని మొదటి రోజే నేల మీద పసుపు టేపుతో ఒక గీత వేశాం. సాధన మొదలయ్యే చోటి నుంచి ఆ గీతకు 5 మీటర్లు. దానికి ‘గుమ్మం’ అని పేరు. గుద్దు కానీ, పట్టు కానీ, పడగొట్టడం కానీ, చేశాక మనిషి ఆ గుమ్మం దాటి బయటపడాలి. దాటలేకపోతే అది ఎంత ముచ్చటైన విద్యయినా మా సాధన జాబితాలోంచి కొట్టివేత. తెరిచిన రోజు జాబితాలో 43 అంశాలున్నాయి.

జట్టు ఎనిమిది మంది. ముగ్గురు ఆడవాళ్లు, అయిదుగురు మగవాళ్లు. బరువులు 48 నుంచి 91 కిలోల దాకా. వారానికి మూడు రోజులు, రోజుకు 90 నిమిషాలు. తీసుకున్న విద్యలు: బాక్సింగ్, ముయే థాయ్ (తన్నులు, మోకాలి దెబ్బలు కూడా ఉండే థాయ్‌లాండ్ బాక్సింగ్), జూడో, కుస్తీ, బ్రెజిలియన్ జుజుట్సు (నేల మీది పట్ల విద్య), చివర్లో కొంచెం కర్రసాము.

సున్నా వారం: సెల్లార్, మ్యాట్లు, బ్యాగు

స్థలం అపార్టుమెంటు సెల్లార్‌లో 5 × 6 మీటర్ల మూల. ఒకదానితో ఒకటి ఇరికే పజిల్ మ్యాట్లు, మీటరు చదరానివి, 40 మి.మీ. మందం, 30 ముక్కలు. 20 మి.మీ. మ్యాట్లు కరాటే కటాలకు (ఒంటరిగా చేసే వరసలకు) సరిపోతాయి, పడగొట్టే సాధనకు పనికిరావు. తుంటి ఎముక సిమెంటును తాకినట్టు తెలిసిపోతుంది.

నున్నటి సిమెంటు మీద మ్యాట్లు జారతాయి. రెండో రోజుకే ముక్కల మధ్య వేలు దూరేంత సందు వచ్చింది. కాలి బొటనవేలు ఇరుక్కునేది అక్కడే. రెండు పక్కల గోడ ఉంది కాబట్టి మిగతా రెండు పక్కల 2 అంగుళాల చెక్క పట్టీలు నేలకు బిగించాం. చెక్క అంచుల మీద పాత మ్యాటు ముక్కలు అతికించాం. సెల్లార్ నేల చెమ్మ లాగుతుంది, పదిహేను రోజులకోసారి మ్యాట్లన్నీ ఎత్తి ఆరబెట్టకపోతే అడుగున బూజు పడుతుంది.

పంచింగ్ బ్యాగు 4 అడుగుల రెక్సిన్‌ది. ఖాళీది కొని మనమే నింపుకోవడం మేలు. ఇసుక మాత్రం వద్దు. వారం తిరిగేసరికి ఇసుకంతా కిందికి దిగి అడుగు భాగం బండరాయి అవుతుంది, తక్కువ ఎత్తులో తన్నినవాడి కాలి ఎముక సంగతి అంతే. పాత చీరలు, దుప్పట్లు పేలికలు చేసి, జిప్పులు, గుండీలు, హుక్కులు కత్తిరించేసి, ప్రతి అడుగు ఎత్తుకూ రోకలితో దంచుతూ నింపాలి. మాది 36 కిలోలు తూగింది. స్లాబ్‌కు 12 మి.మీ. యాంకర్ ఫాస్టెనర్, దాని కింద తిరిగే కొక్కెం, ఆ కింద గొలుసు. ఊగే బ్యాగు లాగే బలం దాని బరువు కన్నా బాగా ఎక్కువ కాబట్టి ఫాల్స్ సీలింగ్‌కో, ఫ్యాను కొక్కేనికో తగిలించడం తలమీదికి తెచ్చుకోవడమే.

చేతులకు 4.5 మీటర్ల పట్టీలు. పొట్టి పట్టీ మణికట్టు దగ్గరే అయిపోతుంది, పిడికిలి ఎముకలకు ఏమీ మిగలదు. బ్యాగుకు 12 ఔన్సుల గ్లవ్స్, స్పారింగ్‌కు (ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధనకు) 16 ఔన్సులు. వేణ్నీళ్లలో మెత్తబరచి పళ్లకు అచ్చు పోసుకునే మౌత్ గార్డు అందరికీ. జూడో కోటు ఒక్కటే ఉంది, కాలర్ పట్టుకునే సాధనకు పాత చొక్కాలు వేసుకుంటే రెండు రోజుల్లో చిరిగాయి. చివరకు నిలబడింది ఖాకీ యూనిఫాం చొక్కాలే.

1, 2 వారాలు: పడటం, లేవడం

రెండు వారాలు ఒక్క దెబ్బా నేర్పలేదు. కొందరికి విసుగు పుట్టింది. కానీ రోడ్డు మీద తోపులాటలో ప్రాణాల మీదికి తెచ్చేది గుద్దు కన్నా, ఆ గుద్దుకు పడి తల నేలకు కొట్టుకోవడం.

జూడోలో పడే పద్ధతిని ఉకెమి అంటారు. ముందు గొంతుక్కూర్చుని వెనక్కి దొర్లడం, తర్వాత నిలబడి, తర్వాత ఎదుటివాడు తోస్తే. గడ్డం ఛాతీకి ఆనాలి, చూపు తన బెల్టు మీద ఉండాలి, వీపు గుండ్రంగా ఉండాలి, నేల తాకే క్షణంలో ఊపిరి బయటికి పోవాలి. చేతులు ఒంటికి 45 డిగ్రీల్లో చాచి అరచేతులతో నేల చరచాలి. రోజుకు 20 వెనక్కి, పక్కకు చెరో 10.

అందరూ చేసే తప్పు ఒక్కటే. పడుతూ చేయి వెనక్కి ఆనించడం. మణికట్టు విరిగేది దానివల్లే. దాన్ని మాన్పించడానికి రెండు చేతుల్లో చెరో టెన్నిస్ బంతి పెట్టి పడమన్నాం. బంతి వదలకుండా పడాలంటే చేయి ఆనించడం కుదరదు.

జూడో అలవాటు ఒకటి ఇక్కడే సరిదిద్దాల్సి వచ్చింది. మ్యాటు మీద గట్టిగా చరిచిన చేయే కాంక్రీటు మీద చరిస్తే మోచేయి చిట్లుతుంది. అందుకని రెండో వారం నుంచి చరచడం తగ్గించి, దొర్లి దెబ్బను ఒళ్లంతా పంచడం మీద దృష్టి పెట్టాం.

లేవడం జుజుట్సు నుంచి తీసుకున్నాం. కూర్చున్న చోట కుడి అరచేయి తుంటి వెనక నేలకు ఆనించాలి. ఎడమ పాదం నేలమీద, ఎడమ మోకాలు పైకి, ఎడమ చేయి ముఖానికి అడ్డం. కుడి చేతి మీదా ఎడమ పాదం మీదా బరువు మోపి తుంటి లేపి, కుడి కాలిని ఒంటి కిందుగా వెనక్కి లాగి, చేతికి వెనకగా నాటాలి. రెండు చేతులూ నేలకు ఆనించి లేచేవాడి ముఖం తన్నుకు సరిగ్గా అందే ఎత్తులో ఉంటుంది. 24 వారాల తర్వాత ‘అన్నిటికన్నా పనికొచ్చింది ఏది’ అని అడిగితే ఎనిమిది మందిలో ఆరుగురు చెప్పింది ఈ లేవడమే.

3 నుంచి 5 వారాలు: బాక్సింగ్

జాబ్ (ముందు చేత్తో సూటి గుద్దు), క్రాస్ (వెనక చేత్తో సూటి గుద్దు), హుక్ (పక్కనుంచి వంపు గుద్దు), వాటికి కాపు. ఇంతే. మూడు నిమిషాల రౌండు, నిమిషం విరామం, రోజుకు ఆరు రౌండ్లు. గడ్డం దించాలి, గుద్దిన చేయి వెళ్లిన దారినే చెంప దగ్గరికి తిరిగి రావాలి, వెనక మడమ తిరిగితేనే క్రాస్‌లోకి తుంటి బలం వస్తుంది.

గ్లవ్స్ రెండు అబద్ధాలు చెబుతాయి. మొదటిది గుద్దడం గురించి. పట్టీ, గ్లవ్ ఉన్నంతసేపు పిడికిలికి ఏమీ కాదు. వట్టి చేత్తో పుర్రెను గుద్దితే చిటికెన వేలి వెనకున్న అరచేతి ఎముక మెడ దగ్గర విరుగుతుంది. అలా విరగడానికి వైద్యులు పెట్టిన పేరే ‘బాక్సర్స్ ఫ్రాక్చర్’. అందుకని అయిదో వారం నుంచి ప్రతి రోజూ చివరి రెండు రౌండ్లు గ్లవ్స్ తీసేసి, ఫోకస్ ప్యాడ్ల (ఎదుటివాడు చేతులకు తొడిగి పట్టే మెత్తల) మీద అరచేతి అడుగు భాగంతో కొట్టాం. వేళ్లు వెనక్కి వంచి, మణికట్టుకు దగ్గరగా ఉండే కండతో, అదే జాబ్, అదే క్రాస్. వేళ్లు వంచడం మరిస్తే వేళ్లే విరుగుతాయి కాబట్టి ముందు మెల్లగా 50, తర్వాత వేగం.

రెండో అబద్ధం కాపు గురించి. 16 ఔన్సుల గ్లవ్స్ ముఖం ముందు పెడితే గోడ కట్టినట్టే. వట్టి చేతులు అలా పెడితే గుద్దు వాటి సందులోంచి దూరిపోతుంది, లేదా మన చేతినే మన ముక్కుకు కొడుతుంది. వీధిలో వచ్చే గుద్దు ఎక్కువగా కుడిచేత్తో వెనకనుంచి ఊపి తెచ్చే గుండ్రటి గుద్దు. దానికి కాపు ఇలా మార్చాం: ఎడమ అరచేయి తల వెనక జుట్టు మీద, మోచేయి ముందుకు పొడుచుకు వచ్చేలా. కుడి చేయి అడ్డంగా నుదుటి దగ్గర. వెనక్కి కాదు, ఒక అడుగు లోపలికి. గుండ్రటి గుద్దుకు బలమంతా చివర్లో ఉంటుంది, లోపలికి వెళ్తే మెడకు తగిలేది మోచేయి వంపే.

6 నుంచి 8 వారాలు: ముయే థాయ్

తీసుకున్నవి నాలుగు: ముందుకు తోసే తన్ను, తొడ మీద తన్ను, మెడ పట్టు, మోకాలి దెబ్బ. తలకు తన్నడం మొదటి రోజే కొట్టేశాం. జీన్స్ ప్యాంటు, హవాయి చెప్పులు, తడిసిన టైల్స్ మూడూ పెట్టి చూస్తే నిలబడే కాలే జారింది.

తోసే తన్ను బెల్టు ఎత్తులో, కాలి మునివేళ్ల కింది కండతో. మోకాలు ముందు ఛాతీ దాకా లేవాలి, ఆపైన తుంటి ముందుకు తోయాలి. మోకాలు లేపకుండా కాలు చాచేవాడి తన్ను పైకి జారిపోతుంది, ఎదుటివాడు కాలు పట్టేసుకుంటాడు. బ్యాగును ఊపి వదిలి, అది తిరిగొచ్చేటప్పుడు తన్ని ఆపడం దీనికి మంచి సాధన.

మెడ పట్టులో చేతులు పెట్టాల్సింది మెడ మీద కాదు, తల వెనక పైభాగాన. మెడ దగ్గర పట్టుకుంటే బలమైనవాడు నిటారుగా లేచిపోతాడు. తల పైభాగం వంగితే వెన్నంతా వంగుతుంది. అరచెయ్యి మీద అరచెయ్యి, వేళ్లు పెనవేయకూడదు, మోచేతులు దగ్గరగా. 48 కిలోల మనిషి 75 కిలోల మనిషిని ఈ పట్టుతో పక్కకు తిప్పి గోడ వైపు పెట్టి గుమ్మం వైపు తాను రాగలిగింది. ఇంత బరువు తేడాలో పనిచేసిన పట్టు వేరే దొరకలేదు.

తొడ తన్ను దగ్గర ఒక గాయం నమోదైంది. ఎదుటివాడు మోకాలు తిప్పి అడ్డం పెడితే తన్నినవాడి కాలి ముందెముక నేరుగా ఆ మోకాలికి తగిలింది. ఆ మనిషి పది రోజులు కుంటాడు. షిన్ గార్డు లేకుండా ఈ సాధన చేయనివ్వడం పొరపాటు, ఆ తర్వాత ఎప్పుడూ చేయనివ్వలేదు.

9వ వారం: మొదటి పరీక్ష, బోర్లా పడటం

పరీక్ష సులభమే. ఎదుటివాడు గ్లవ్స్‌తో, ఏం చేస్తాడో ముందు చెప్పడు. తోయొచ్చు, గుద్దొచ్చు, కాళ్లు పట్టి లాగొచ్చు. 10 సెకన్లలో గుమ్మం దాటాలి. మనిషికి మూడు ప్రయత్నాలు, మొత్తం 24. దాటినవి 7.

వీడియో మెల్లగా నడిపి చూస్తే కారణం బలహీనత కాదు, అలవాటు. గుద్దు తప్పించుకోవడానికి బాక్సింగ్ పద్ధతిలో కిందికి వంగినవాడు నేరుగా మోకాలి దెబ్బకు తల అందించాడు. ముయే థాయ్‌లా నిటారుగా, ముందు కాలు తేలిగ్గా నిలబడినవాడి ముందు కాలు ఎదుటివాడి చేతికి దొరికింది. కొంత జూడో తెలిసిన ఒకరు భుజం మీంచి వేయబోయి వీపు తిప్పారు, వెనకనుంచి మెడ దొరికిపోయింది. మెడ పట్టులో మోకాలి దెబ్బలు వేస్తూ ఒకరు గుమ్మం సంగతే మరిచారు, 10 సెకన్లు అయిపోయాయి.

ఆలోచిస్తే ప్రతి విద్యకూ దాని నియమాలే ఒక గుడ్డి మూల తయారుచేస్తాయి. జూడోను 1882లో జిగోరో కానో తన శిక్షణాలయం కొడోకాన్‌లో మొదలుపెట్టినప్పుడు కాళ్లు పట్టి పడేయడం అందులో ఉంది. 2010లో అంతర్జాతీయ పోటీ నియమాలు దాన్ని కట్టడి చేశాయి, 2013 నుంచి నిలబడి చేసే ఆటలో పూర్తిగా నిషేధించాయి. ఫలితం, ఇప్పుడు జూడో నేర్చినవాడికి కాళ్ల మీదికి వచ్చేవాణ్ని ఆపే అలవాటు తక్కువ. మట్టి కుస్తీలో రెండు భుజాలూ నేలకు తగిలితే ఓటమి. అందుకే హైదరాబాద్ పాతబస్తీ తాలీంలలో (కుస్తీ సాధనశాలల్లో) పెరిగిన పహిల్వాన్ పడగానే బోర్లా తిరుగుతాడు, అక్కడ అది తెలివి. రోడ్డు మీద బోర్లా పడితే వీపు, మెడ, తల వెనక భాగం అన్నీ శత్రువుకే. జుజుట్సు పోటీలో గుద్దులుండవు, కాబట్టి వెల్లకిలా పడుకుని హాయిగా ఆలోచించుకోవచ్చు. 1993 నవంబరు 12న డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీలో (వేర్వేరు విద్యలవాళ్లు తలపడే పోటీలో) జుజుట్సు వీరుడు రాయ్స్ గ్రేసీ తనకన్నా బరువైనవాళ్లను ఓడించింది ఎదుటివాళ్ల గుడ్డి మూలల్లోనే. నేల మీద పోరాటం వాళ్లలో ఎక్కువమంది విద్యల్లో లేదు.

సోమవారం గుద్దులు, బుధవారం పట్లు, శనివారం నేల అని వేరు చేసిన పట్టిక ఇక్కడితో రద్దు. కొత్త పట్టిక: 15 నిమిషాలు ఒంటిని వేడెక్కించడం, పడటం, లేవడం. 25 నిమిషాలు ఒకే అంశం. 30 నిమిషాలు ‘అతుకు’, అంటే ఒక విద్య నుంచి మరో విద్యలోకి మారే క్షణం. మిగిలిన 20 ఒత్తిడి, గుమ్మం. జాబితా ఆ రోజుకు 31.

10 నుంచి 13 వారాలు: అతుకులు

నిలబడే తీరు ముందు తేల్చుకోవాలి. బాక్సింగ్‌ది పక్కవాటు, ముయే థాయ్‌ది నిటారు, కుస్తీది వంగినది. మూడూ కావాలంటే మూడూ రావు. చివరకు పాదాలు భుజాల కన్నా కాస్త వెడల్పు, మోకాళ్లు కొంచెం వంచి, తుంటి దాదాపు ఎదురుగా, బరువు రెండు కాళ్ల మీద ఇంచుమించు సమానంగా. జాబ్ పొడుగు కాస్త తగ్గింది, ఫర్వాలేదు.

మొదటి అతుకు, కాపు నుంచి నడుం పట్టు. గుండ్రటి గుద్దు కాపు మీద తగలగానే ఎడమ చేయి ఎదుటివాడి కుడి చేతి మీంచి వెళ్లి చంక దగ్గర బిగించాలి, మన తల వాడి ఛాతీకి ఆనించి, కుడి చేయి నడుం చుట్టూ, అక్కడినుంచి వాడి వెనక పక్కకు. తల వాడి భుజం బయట ఉంటే మెడ దొరుకుతుంది, ఛాతీకి ఆనితే దొరకదు. నడుం పట్టాక పడగొట్టాల్సిన పని చాలాసార్లు లేదు, పక్కకు తిప్పి తోసి గుమ్మం వైపు పరుగు.

రెండోది, కాళ్ల మీదికి వచ్చేవాణ్ని ఆపడం. కుస్తీలో రెండు కాళ్లూ వెనక్కి విసిరి తుంటితో వాడి భుజాల మీద పడతారు. రోడ్డు మీద అలా పడితే మోకాళ్లు గీరుకుపోవడమే కాదు, మనమూ నేలమీదే ఉంటాం. సగం మాత్రమే తీసుకున్నాం: ఒక కాలు వెనక్కి, తుంటి దించి, ముంజేయి వాడి మెడ పక్కన, రెండో చేత్తో తల కిందికి నొక్కి పక్కకు తప్పుకోవడం.

మూడోది ఒసోతో గారి, కాలిని వెనకనుంచి కోసి పడేసే జూడో పద్ధతి. వాడి బరువు కుడి మడమ మీదికి వంచి, మన ఎడమ పాదం వాడి కుడి పాదం పక్కన నాటి, మన కుడి కాలితో వాడి కుడి కాలిని వెనకనుంచి కోయాలి. ఛాతీ ఛాతీకి తగలకుండా దూరం నుంచి కాలు విసిరితే అదే దెబ్బ మనకే తిరిగొస్తుంది. దీన్ని జాబితాలో ఎర్ర ఇంకుతో రాశాం. ఈ పద్ధతిలో పడినవాడి తల వెనకభాగం నేరుగా నేలకు తగులుతుంది. ప్రాణం మీదికి వచ్చినప్పుడు తప్ప, పార్కింగ్ దగ్గర మాటామాటా పెరిగినందుకు వాడేది కాదు. సాధనలో కూడా మ్యాటు మీద ఇంకో పరుపు వేసి, పడేవాడి చొక్కా చేయి వదలకుండా పట్టుకునే వేశాం.

భుజం మీంచి వేయడం (తాలీంల్లో దాదాపు ఇదే ధోబీపాట్) కొట్టివేత. మోకాళ్ల మీద జారి రెండు కాళ్లు పట్టడం కొట్టివేత. జాబితా 24.

14 నుంచి 17 వారాలు: నేల

నేల మీదికి వెళ్లాలని కాదు, పడితే లేవాలని. మీద కూర్చున్నవాణ్ని దించడానికి వాడి కుడి చేయి, కుడి కాలు రెండూ మన ఎడమ వైపు బంధించాలి. చేతిని రెండు చేతులతో ఛాతీకి హత్తుకుని, పాదాన్ని మన ఎడమ పాదంతో బయటనుంచి కట్టి, తుంటి పైకి విసిరి ఎడమ భుజం మీదుగా దొర్లాలి. చేయి పట్టి కాలు మరిచినా, కాలు కట్టి చేయి వదిలినా వాడు ఆ పక్క ఆనించుకుని నిలబడిపోతాడు. దీని జోడీ రొయ్యలా ముడుచుకుని తుంటి పక్కకు జరపడం. ఒకటి కుదరకపోతే రెండోది. ఒకదాని తర్వాత ఒకటి, ఊపిరి బిగబట్టకుండా.

15వ వారం పైనున్నవాడికి గ్లవ్స్ ఇచ్చి మెల్లగా గుద్దమన్నాం. అంతవరకూ చక్కగా సాగిన కిందినుంచి చేయి విరిచే పట్లు, కాళ్లతో మెడ బిగించడం ఒక్కసారిగా మాయమయ్యాయి. మూడు గుద్దులు తిన్నాక ఎవరికీ అవి గుర్తు రాలేదు. నాలుగు అంశాలు కొట్టివేత.

పక్కనుంచి చంకలో తల ఇరికించే పట్టు బడి పిల్లల దగ్గర నుంచి బార్ల దాకా కనిపించేది. గడ్డం వాడి ఒంటి వైపు తిప్పి దించాలి, ఊపిరి దారి దొరుకుతుంది. బయటి చేత్తో గుద్దే చేతి మణికట్టు పట్టాలి. లోపలి చేయి వాడి వీపు మీంచి వెళ్లి ముక్కు కింద నొక్కి తల వెనక్కి వంచాలి. తల వెనక్కి వెళ్తే పట్టు వదులవుతుంది.

జుట్టు పట్టుకుంటే లాక్కోవద్దు. ఆ చేతిని రెండు చేతులతో తలకే అదిమి, వాడు లాగే వైపే రెండడుగులు వేగంగా వేసి, మోకాలో అరచెయ్యో వాడాలి. చున్నీకి భుజాల దగ్గర పిన్ను పెడితే లాగినప్పుడు అది ఊడి రాదు, మెడకు ఉరి అవుతుంది. పిన్నులు ఒక పక్కే పెట్టుకోవాలని ఆ రోజు రాసుకున్నాం.

మెడ బిగించే సాధనలో నియమాలు గోడ మీద అంటించాం. మెడ పక్కల రక్తనాళాలు సరిగ్గా బిగిస్తే పది సెకన్ల లోపే స్పృహ పోవచ్చు. రెండుసార్లు తడితే వెంటనే వదలాలి. చేయి ఇరుక్కుంటే నోటితో ‘ఆపు’ అనాలి. బిగింపు సాధన మూడు లెక్కల దాకానే.

తామర ఈ నెలలోనే వచ్చింది, ఇద్దరికి. కుస్తీ, జుజుట్సు ఉన్నచోట ఇది మామూలే కానీ ఆపొచ్చు. లీటరు నీటికి 10 నుంచి 15 మి.లీ. బ్లీచింగ్ ద్రావణం, సాధన కాగానే మ్యాట్ల మీద తుడిచి పది నిమిషాలు ఉంచి మళ్లీ తడిగుడ్డ. ద్రావణం ఏ రోజుది ఆ రోజే కలపాలి. మచ్చ ఉన్నవాళ్లు తగ్గేదాకా మ్యాటు ఎక్కకూడదు, గోళ్లు వారానికోసారి. అప్పటికి ఎండలూ ముదిరాయి, సాధన సాయంత్రం నుంచి ఉదయం ఆరింటికి మార్చి, మధ్యలో ఉప్పు వేసిన మజ్జిగ పెట్టాం.

ఒక రోజు 60 శాతం బలంతో స్పారింగ్ అనుకున్నది 90 అయ్యింది, ఒకరికి తల దిమ్మెక్కి వెలుతురు చూడలేకపోయారు. హెడ్‌గార్డు ఉంది. అది చర్మం చిట్లకుండా కాపాడుతుంది కానీ లోపల మెదడు కదలకుండా ఆపలేదు. ఆ రోజుకు ఆట బంద్, డాక్టరు సరేననేదాకా ఆ మనిషికి స్పారింగ్ లేదు. అప్పటినుంచి తలకు వచ్చే దెబ్బలు సగం బలానికి మించకూడదని, ఒంటికి మాత్రం గట్టిగా కొట్టొచ్చని విడదీశాం.

18 నుంచి 20 వారాలు: కర్ర, కత్తి

కర్రసాములో పొడుగు కర్ర తిప్పడం మణికట్టుకూ పాదాల నడకకూ మంచిది. సెల్లార్‌లో మొదటి తిప్పుకే ట్యూబులైటు పగిలింది. 70 సెంటీమీటర్ల బెత్తానికి దిగాం, ఫిలిప్పీన్స్ కర్రసాము ఆర్నిస్‌లో వాడే పొడుగు ఇంచుమించు ఇదే. అయిదు కోణాలు: కుడి పైనుంచి, ఎడమ పైనుంచి, కుడి అడ్డం, ఎడమ అడ్డం, పొడుపు. మూసిన గొడుగుతో ఇవే అయిదు. గొడుగు ఊపితే వంగుతుంది, పొడుపుకే గట్టిది.

కత్తికి పరీక్ష: తెల్ల బనియన్, ఎర్ర స్కెచ్ పెన్. పెన్ను పట్టినవాడు నిజంగా పొడవాలనే ప్రయత్నిస్తాడు. ఎంత నేర్చినా ప్రతి బనియన్ మీదా గీతలే. ఒక చేత్తో కత్తి చేతిని తట్టేసి రెండో చేత్తో కొట్టే పట్లు అప్పటికి ఆరు నేర్చుకుని ఉన్నాం, ఆరూ కొట్టివేత. మిగిలింది ఒకటే వరస: పరుగు. దారి లేకపోతే మధ్యలో కుర్చీ, బ్యాగు, బైకు. అదీ లేకపోతే రెండు చేతులతో ఆ మణికట్టు, వదలకుండా, తలతో మోకాలితో, అరుస్తూ. డబ్బో ఫోనో అడిగితే దూరంగా విసిరేసి అటు వైపు వాడు, ఇటు వైపు మనం.

21 నుంచి 24 వారాలు: నోరు, చట్టం, చివరి పరీక్ష

సాధనకు ముందు 20 బర్పీలు (నేలకు వంగి, కాళ్లు వెనక్కి చాచి, లేచి ఎగిరే కసరత్తు). గుండె దడదడలాడుతుంటే వేళ్లతో చేసే సున్నితమైన పనులు ముందు పోతాయని కళ్లారా కనిపిస్తుంది. వేలు పట్టి విరిచేవి, నొక్కు స్థానాలు అన్నీ అక్కడే రాలాయి.

నోటి సాధన మొదట నవ్వులాటగా సాగింది, తర్వాత సీరియస్ అయింది. మగవాళ్ల గొడవకు: అరచేతులు తెరిచి ఛాతీ ఎత్తులో, ‘అన్నా, తప్పు నాదే, ఒదిలెయ్’. ఆ చేతులు బతిమాలుతున్నట్టు కనిపిస్తాయి కానీ కాపుకు రెండంగుళాల దూరంలోనే ఉంటాయి. ఆడవాళ్లకు ఈ మాట పనికిరాదు. ‘ఎవర్నువ్వు? దూరం జరుగు!’ అని గట్టిగా. ‘ఎవర్నువ్వు’ అనకపోతే చుట్టూ ఉన్నవాళ్లు మొగుడూ పెళ్లాల గొడవనుకుని కదలరు. గుంపులో ఒక్కరిని వేలితో చూపి, ‘ఎర్ర చొక్కా అన్నా, 112కి ఫోన్ చెయ్’ అనాలి. అందరినీ కలిపి పిలిస్తే ఎవరూ కదలరు.

ఇద్దరు మీదికొచ్చినప్పుడు చేసేది ఒక్కటే: ఒకడు ఎప్పుడూ రెండోవాడికి అడ్డం ఉండేలా చుట్టూ నడవడం. ఎవరితోనూ మెడ పట్టు వద్దు, పట్టుకున్నవాడే కట్టుకొయ్య అవుతాడు.

చట్టం ఒక పూట చదివాం. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువి. 37వ సెక్షన్ హద్దులు చెబుతుంది: రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయకూడదు, పోలీసుల సాయం తీసుకునే వ్యవధి ఉంటే ఈ హక్కు వర్తించదు. 38 ప్రాణం తీసేదాకా ఎప్పుడు వెళ్లొచ్చో లెక్కపెడుతుంది. దీన్నిబట్టి సాధనలో ఒక మార్పు. ఎదుటివాడు వెనక్కి తిరిగినా, పడిపోయినా వెంటనే ఆపాలి. ఆపకుండా ఇంకో దెబ్బ వేస్తే ఆ ప్రయత్నం తప్పినట్టే లెక్క. ఆశ్చర్యం ఏమిటంటే, చివరి పరీక్షలో రెండు ప్రయత్నాలు ఈ ఒక్క కారణంతోనే పోయాయి.

చివరి పరీక్ష, అదే నియమం, అదే 24 ప్రయత్నాలు. దాటినవి 17. పోయిన ఏడింటిలో రెండు పైన చెప్పినవి. మూడు బరువు తేడావి, 91 కిలోల మనిషి మీద పడి కదలనివ్వలేదు. మిగతా రెండింటిలో దాడి వెనకనుంచి మొదలైంది, దానికి సాధన తక్కువ చేశాం.

జాబితాలో చివరకు మిగిలినవి 14: వెనక్కి పడటం, పక్కకు పడటం, లేవడం, తల కాపు, అరచేతి జాబ్, అరచేతి క్రాస్, తోసే తన్ను, మెడ పట్టుతో మోకాలి దెబ్బ, నడుం పట్టు, సగం వెనక్కి వాలి కాళ్లు కాపాడుకోవడం, తల ఇరికిన పట్టు విడిపించుకోవడం, తుంటి విసిరి దొర్లడం, రొయ్య జరుగుడు, ఎర్ర ఇంకు ఒసోతో గారి. కర్ర కోణాలు, కత్తి వరస వేరే కాగితం మీద.

తర్వాతి ఎనిమిది వారాలకు రాసుకున్నవి: వెనకనుంచి పట్టుకోవడం రోజూ పది నిమిషాలు. లిఫ్టులో, మెట్ల మీద సాధన. వానలు పడ్డాక తడి నేల మీద చెప్పులతో తోసే తన్ను. బ్యాగులో పేలికలు పైన నాలుగు అంగుళాలు దిగాయి, కిలోన్నర దాకా మళ్లీ నింపాలి. 17వ వారంలో అరిగిన రెండు మ్యాట్లు మార్చాలి.